ఆరో వరసలో సున్న

దిక్సూచి తిరిగిన 31వ ఏడు, కార్తీక శుద్ధ ఏకాదశి

తెల్లవారుజామున జువ్వ 4.20కి ఎగిరింది. రెండు వందల కిలోమీటర్లు ఎక్కి 4.41కి రేవుకు ఉత్తరాన ఇసుకలో దిగింది. గొడుగు విచ్చుకుంది, లెక్కపెట్టె పగల్లేదు. ఉప్పునీళ్లు తగిలిన మూతను మంచినీళ్లతో కడిగి, తుడిచి, లోపల అంకెలు ఎక్కిన చుట్ట విప్పాను. పైన పది సెకన్లలో పెట్టెకు తగిలిన ఎలక్ట్రాన్లు ఇవి:

వెయ్యి ఓల్టులవి 4,12,000
అయిదు వేలవి 61,000
పది వేలవి 18,400
ముప్పై వేలవి 2,210
లక్షవి 96
పది లక్షలవి 0

ఆరో వరసలో పెట్టె 7 చూపింది. పదిలోపు వచ్చిందేదైనా సున్న అని నియమం. సున్న రాశాను.

గాలిలో ఒక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి ఒక జతను చెయ్యడానికి సగటున ముప్పై అయిదు ఓల్టులు ఖర్చు. ఆ లెక్కన ఈ రోజు పైగాలిలో పుట్టవలసిన జతలు 2,79,11,428. కింది నుంచి పైగాలికి పిలుపు పంపి, తిరిగొచ్చినదాన్ని వినే ప్రతిధ్వని పెట్టె కొలిచి చెప్పినది 2,83,00,000. తేడా నూటికి రెండు లోపే. లెక్క సరిపోయింది.

అయిదింటికి పలక మీద "వింటుంది" అని రాసి గుమ్మం పక్కన తగిలించాను. సోంబాబు పెళ్లాం ఎర్రమ్మ అప్పటికే నెత్తళ్ల చేపల బుట్ట దింపుకొని అక్కడ నిలబడి ఉంది.

"ఏటి రాసినావు పెద్దమ్మా?"

"నీకు చదువు వచ్చు కదా. చదువుకో."

"సదివినాన్లే. నీ నోటంట ఇంటే అదో ధైర్నం."

"ఆకాశం వింటుంది. గీత దాటి ఉండొచ్చు."

"నువ్వు ఒక్కసారి నవ్వుతూ సెప్పినా ఆకాశం ఇంటాది పెద్దమ్మా, సెవుడు రాదు" అని బుట్ట ఎత్తుకొని పోయింది.

గీత అంటే రేవు నుంచి నూట యాభై కిలోమీటర్లు. దాని లోపల ఆకాశంతో పనిలేదు. రేడియో మాట నీటి మీదుగానే పోతుంది. గీత దాటితే మాట పైకి పోయి, పైగాలికి తగిలి, కిందికి రావాలి. పలక మీద "వినదు" అని ఉన్న రోజు బోట్లన్నీ గీత లోపలికి వచ్చెయ్యాలి. వేరే దారి లేదు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల పెట్టెలు, దిక్సూచి ముల్లు ఉత్తరం వదిలి తిరిగిన మూడో ఏటికే చచ్చాయి.

ఇప్పుడు గీత అవతల రెండు బోట్లు ఉన్నాయి. పోలయ్య బోటులో ఆరుగురు. సోంబాబు బోటులో నలుగురు. బ్యాటరీ ఆదా కోసం రోజుకు మూడుసార్లే రేడియో పెట్టాలి: ఉదయం అయిదుకు, పదికి, సాయంత్రం ఏడుకు. ప్రతిసారీ పది నిమిషాలు.

అయిదింటికి రెండూ పలికాయి. పదింటికి రెండూ పలకలేదు. ఏడింటికి మళ్లీ రెండూ పలికాయి. మన రేడియో మనిషి దానయ్యను పిలిచి, తీగ తుప్పు పట్టిందేమో చూడమన్నాను.

ద్వాదశి

రాగుల చోడంబలి తాగి 4.20కి జువ్వ. ఆరో వరస: పెట్టె 8, రాసినది 0. లెక్క సరిపోయింది. పలక: వింటుంది.

దానయ్య తీగ కిందికి దించి, అతుకుల దగ్గర చిలుమును చింతపండుతో తోమాడు. తీగను పట్టి ఉంచే పింగాణీ బిళ్లలు మార్చాడు. పదింటికి పిలిచాడు. వట్టి బుస.

"తీగ బాగానే ఉన్నాది అత్తా. అద్దంలాగ మెరస్తన్నాది."

"అయితే నీ చెవిలో ఉంది లోపం."

"పొద్దున అయిదుకి పనిసేసిన సెవి పదికి ఎలా పాడైపోద్ది?"

దానయ్య యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్ల కిందట నా దగ్గరే కూడికలు నేర్చుకున్నాడు. అప్పుడూ ఇంతే, జవాబు రాయడం కంటే ఎదురు ప్రశ్న వెయ్యడం తేలిక వాడికి.

ఏడింటికి పోలయ్య బోటు పలికింది. మాట్లాడేది నా మనవరాలు పైడి. ఆ బోటు మీద రేడియో దానిదే.

"లెక్కల గది, పోలయ్య బోటు. ఆరుగురం బాగున్నాం. చేప తక్కువ. అయిపోయింది."

మూడేళ్లుగా అది నన్ను "లెక్కల గది" అనే పిలుస్తుంది. ఎందుకో రాసి ఉంచాలి. ఈ పుస్తకంలో కారణం లేని అంకె ఉండకూడదు.

పైడి ఇక్కడే, ఈ బల్ల దగ్గరే, నా కింద పని చేసేది. 28వ ఏట నలభై ఒక్క రోజులు వరసగా ఆరో వరసలో సున్న రాయకుండా పెట్టె చూపిన అంకె రాసింది. 7, 4, 9, 6, అలా. పదిలోపువి పెట్టె తన వణుకుకు తాను కొట్టుకునే ఉత్తుత్తి దెబ్బలని, వాటిని లెక్కలోకి తీసుకోకూడదని 6వ ఏట నియమం పెట్టింది నేను. నలభై ఒక్క అంకెలనూ ఎర్రసిరాతో కొట్టేశాను. అవిధేయత అని రేవు సంఘానికి రాశాను. వెళ్లేటప్పుడు అది గుమ్మంలో నిలబడి, "సున్న రాయాలన్నా కొలవాల గదా మామ్మా" అంది. నేను తలెత్తలేదు. కూడిక మధ్యలో ఉన్నాను.

దానికి ఈ మొండితనం తండ్రి పోయాక వచ్చింది. దాని తండ్రి, మా అబ్బాయి రాజులు, బోటు నడిపే సరంగు. 24వ ఏట ఆశ్వయుజంలో గీత అవతల ఉండగా గాలి లేచింది. పదింటికి వెనక్కి రమ్మని పిలిచాం. పలకలేదు. బోటూ రాలేదు. పోయిన బోటుకు కారణం రాసే కాగితం ఈ గదిదే. "పలక వింటుంది అని ఉంది. పిలిచాం. రేడియో పెట్టలేదు. సరంగు అజాగ్రత్త" అని రాసి సంతకం చేశాను. కొడుకని ఒక అక్షరం తగ్గించలేదు. దానికి చాలామంది నన్ను మెచ్చుకున్నారు.

చతుర్దశి

నిన్న రాయలేదు, రాయడానికి కొత్త సంగతి లేదు. పదింటికి నిన్నా చెవుడే.

ఈ రోజు ఆకాశం వెలిసిపోయింది. సాయంకాలం పొద్దు వాలాక రోజూ కనిపించే ఆకుపచ్చ తెర కూడా పలచబడింది. రేవులో జనం సంబరంగా ఉన్నారు. వాళ్ల లెక్క ఒకటే: రంగు ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే మేలు. ఎర్రమ్మ ఇసుక మీద కవళ్ల చేపలు ఆరబెడుతూ, "సూడు పెద్దమ్మా, ఆకాశం తలంటు పోసుకున్నట్టు ఉన్నాది" అంది.

నేను జవాబుగా వల ఎత్తి చూపించాను. "ఈ తేలిక గుండు ఎక్కడిదాకా మునుగుతుంది?"

"పైపైనే."

"ఈ సీసపు గుండు?"

"అడుక్కంటా పోద్ది."

"ఎలక్ట్రానూ అంతే. వెయ్యి ఓల్టులది పైన నూట యాభై కిలోమీటర్ల దగ్గరే గాలికి తగిలి తగిలి ఆగిపోతుంది. అక్కడ గాలి పలచన, రంగు వస్తుంది, మనకు హాని లేదు. లక్షది ఎనభైదాకా దిగుతుంది. పది లక్షలది అరవైకి దిగుతుంది. అక్కడ గాలి చిక్కన. అక్కడ జతలు పుడితే మన మాట పైకి పోతూ ఆ జతల్లో చిక్కుకుంటుంది. ఎలక్ట్రాన్లను ఊపుతుంది, అవి ఊగి గాలిని కొట్టుకుంటాయి, మాట అక్కడే చల్లారిపోతుంది. రంగు చూసి చెప్పేది కాదు."

"మరి ఇప్పుడు అడుక్కంటా ఎన్ని పోతన్నాయి?"

"సున్న" అన్నాను.

పెట్టె చూపినది 9.

సాయంత్రం దానయ్య చేతులు కట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

"అత్తా, ఒక మాట. పొద్దు ఎక్కకముందు ఇంటాది. పొద్దు కుంకినాక ఇంటాది. మజ్జిలోనే సెవుడు. తీగది తప్పయితే దానికి పొద్దు సంగతి ఎలా తెలుసు?"

"పెట్టెలో ఏముందో అదే పలక మీద రాస్తాను దానయ్యా. నీకు తోచింది రాయను."

"పెట్టెలో ఉన్నదే రాస్తన్నావా?"

ఆ మాటను మర్యాద తప్పినట్టుగా లెక్కలో రాసుకున్నాను. తర్వాత చేర్చినది: ఇప్పుడు దాన్ని కొట్టేస్తున్నాను. తేదీ బహుళ విదియ. సంతకం.

పౌర్ణమి

ఆరో వరస: పెట్టె 9, రాసినది 0. మొత్తంలో తేడా నూటికి ఒకటే. ఇంత దగ్గరగా ఈ ఏడు ఎప్పుడూ రాలేదు. మనసు తేలికపడింది. బియ్యం కడిగి పెట్టుకొని, చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాను.

బహుళ పాడ్యమి

జరిగింది జరిగినట్టు, గంటల ప్రకారం రాస్తాను.

4.20. జువ్వ. ఆరో వరస: పెట్టె 9, రాసినది 0.

5.00. పలక: వింటుంది. రెండు బోట్లూ పలికాయి. గీత అవతలే ఉండొచ్చని చెప్పాం. పోలయ్య బోటు తూర్పున మూడు వందల యాభై కిలోమీటర్లలో ఉంది. సోంబాబు బోటు దానికి చాలా దక్షిణంగా ఉంది. ఒకరి మాట ఒకరికి అందనంత ఎడం.

8.15. పట్నం నుంచి తంతి. ఆగ్నేయంలో వాయుగుండం. సాయంత్రం నాలుగులోపు సముద్రం లేస్తుంది. గీత అవతల ఉన్నవాళ్లు వెంటనే పడమరకు తిరగాలి.

ఏడింటిదాకా ఆగితే నాలుగు దాటిపోతుంది. మిగిలింది పదింటి పిలుపు ఒక్కటే. దానయ్య, "పదింటికి అయిదులో ఇనబడదు అత్తా. అయిదు రోజులై ఇనబడ్డం లేదు" అన్నాడు. అయిదంటే అయిదు మెగాహెర్ట్జ్. మన గదికీ బోట్లకూ నియమించిన ఫ్రీక్వెన్సీ అదొక్కటే.

8.40. 28వ ఏటి పుస్తకం బయటికి తీశాను. పైడి రాసిన నలభై ఒక్క అంకెలు ఎర్రగీతల కింద ఇప్పటికీ కనబడుతున్నాయి. దిద్దుబాటు చేస్తే పక్కనున్న వివరాల చోట చీటీ అంటించి గది పెద్ద సంతకం చెయ్యాలని మన పద్ధతి. నలభై ఒకటో రోజు వివరాల చోట పెన్సిల్ రాత ఏదో ఉందని నాకు తెలుసు. పెన్సిల్ రాత పుస్తకంలో చెల్లదు. చదవకుండానే మీద చీటీ అంటించాను.

పొయ్యి మీద అంబలి మరుగుతోంది. ఆ పేజీని ఆవిరి మీద పట్టుకున్నాను. జిగురు మెత్తబడడానికి చాలాసేపు పట్టింది. నా జిగురు ఎప్పుడూ గట్టిదే.

9.30. చీటీ ఊడింది. కింద పైడి చేతిరాత, చిన్నగా, వంకర లేకుండా, నేను నేర్పినట్టే:

"పాత పెట్టె వణుకు పదిదాకా ఉండేది. 19వ ఏట పెట్టె మార్చారు. కొత్తదాన్ని సీసపు డబ్బాలో పెట్టి నెల రోజులు చూశాను, వణుకు ఒకటి కూడా లేదు. ఏడు వస్తే ఏడే. ఏడుకు జతలు రెండు లక్షలు. మొత్తంలో నూటికి ఒకటి కూడా కాదు, అందుకే మామ్మ లెక్క రోజూ సరిపోతుంది. కానీ ఆ రెండు లక్షలూ అరవై కిలోమీటర్ల దగ్గరే పుడతాయి. చీకట్లో అక్కడి ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ పట్టేసుకుంటుంది, మాట దాటుకొని పైకి పోతుంది. పొద్దెక్కితే వెలుగు వాటిని మళ్లీ విడిపిస్తుంది, మాట చస్తుంది. రెట్టింపు ఫ్రీక్వెన్సీకి నష్టం నాలుగోవంతే. పగలు అయిదులో వినదు, పదకొండులో వినొచ్చు. నేను బోటు మీదికి పోతున్నాను. రోజూ పదింటికి పదకొండులోనే వింటాను. పిలిస్తే పలుకుతాను."

నేను కూర్చుని ఏడుతో గుణించాను. పది లక్షలను ముప్పై అయిదుతో భాగించి ఏడుతో గుణిస్తే రెండు లక్షలు. సరిగ్గా. ఈ ఉదయపు తొమ్మిదికి 2,57,142. ముప్పై ఏళ్లుగా నేను చూసింది మొత్తాన్నే. ఏ ఎత్తులో ఎంత అని విడిగా అడగనే లేదు.

9.44. దానయ్యకు పేజీ చూపించాను. రెండుసార్లు చదివాడు.

"పదకొండులో పిలవాలంటే తీగ కొయ్యాల అత్తా. ఇరవై ఎనిమిది మీటర్లది పదమూడుకి తేవాల. కోస్తే మళ్లీ అతికేదాకా అయిదు ఉండదు. అతకడానికి గంట."

"పైడి పదకొండులో వింటుంది. సోంబాబు బోటు?"

"సోంబాబు బోటులో రేడియో ఆడి తమ్ముడిది. ఆడు రూలు తప్పడు. అయిదు తప్ప ఇంకోటి ముట్టడు. నువ్వే గదా పరీక్ష పెట్టి పంపినావు."

"మరి ముందు అయిదులో పిలుద్దాం. అయిదు నిమిషాలు. పలక్కపోతే కోద్దాం."

"ఇనబడదని ఇప్పుడే గదా సదివినాం!"

"నలుగురున్నారు దానయ్యా ఆ బోటులో."

"అయితే రాసియ్యి. తీగ కొయ్యమని నీ సేత్తో. రేపు సంఘంలో నన్నడిగితే నానేటి సెప్పాల?"

సిరా కలం లోపలి గదిలో ఉంది. చెవి పక్కన పెన్సిల్ ఉంది. "తీగ 13 మీటర్లకు కొయ్యవలెను. సూరాడ కనకలత" అని పెన్సిల్‌తోనే రాసి ఇచ్చాను. వాడు దాన్ని చూసి, నా ముఖం చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

10.00 నుంచి 10.05. అయిదులో పిలిచాం. "సోంబాబు బోటు, పోలయ్య బోటు, పడమరకు తిరగండి, పడమరకు తిరగండి." బుస.

10.05. దానయ్య మెట్లు ఎక్కి పటకారతో తీగ కోశాడు. కోసిన ముక్క ఇసుకలో పడి పాములా చుట్టుకుంది.

10.08. పదకొండులో పిలిచాం. మొదటి పిలుపుకే పలికింది.

"లెక్కల గది, పోలయ్య బోటు. ఇంటన్నాను. ఎవులు పిలస్తన్నారు?"

దానయ్య మైకు నా చేతిలో పెట్టాడు.

"నేను."

బుస. తర్వాత, "మామ్మా?"

"వాయుగుండం. నాలుగులోపు సముద్రం లేస్తుంది. ఇప్పుడే పడమరకు తిప్పమని పోలయ్యతో చెప్పు. గీత లోపలికి వచ్చేదాకా ఆపొద్దు."

అది అరవడం, అవతల ఇంజిను గొంతు మారడం వినబడ్డాయి. మళ్లీ మైకు దగ్గరికి వచ్చింది.

"తిప్పేసినాం. సోంబాబు మావకి సెప్పినారా?"

"అయిదులో పిలిచాం."

"అయిదులోనా? పొద్దెక్కినాక అయిదులో పిలిస్తే ఎవులికి పిలిచినట్టు మామ్మా?"

10.10. సమయం అయిపోయింది. అయిపోయిందని అది అనలేదు. నేనే మీట నొక్కి ఆపాను.

11.20. తీగ అతికాక అయిదులో మళ్లీ పిలిచాం. ప్రతి పావుగంటకు ఒకసారి పిలిచాం. ఆ సమయంలో వాళ్ల రేడియో కట్టేసి ఉంటుందని తెలుసు. బ్యాటరీ ఆదా నియమం కూడా నాదే.

7.00. పోలయ్య బోటు పలికింది. గీతకు ఇంకా చాలా దూరంలో ఉంది, సముద్రం పోటుగా ఉంది, కానీ వస్తోంది. సోంబాబు బోటు పలకలేదు. ఆకాశం అప్పుడు స్పష్టంగా వింటోంది.

విదియ

గాలి రోజంతా. జువ్వ ఎగరెయ్యలేదు. సాయంత్రం పోలయ్య బోటు గీత లోపలికి వచ్చింది. సోంబాబు బోటు నుంచి మాట లేదు.

చతుర్దశి నాటి దానయ్య ప్రశ్నను మర్యాద తప్పిన మాటల జాబితాలో నుంచి తీసేశాను. అక్కడ సంతకం పెట్టాను.

తదియ

పోలయ్య బోటు ఉదయం ఎనిమిదికి రేవు చేరింది. ఆరుగురూ దిగారు. నేను ఒడ్డుకు వెళ్లలేదు. కిటికీలోంచి లెక్కపెట్టాను, ఆరు.

దక్షిణపు రేవు మనుషులు సోంబాబు బోటు చెక్క, నీలం రంగుది, పేరున్న ముక్క, తీసుకొచ్చి ఇసుకలో పెట్టారు.

మధ్యాహ్నం ఎర్రమ్మ వచ్చింది. బుట్ట లేదు. గుమ్మం పక్కనున్న పలకను మేకు నుంచి తీసి, నా బల్ల మీద పెట్టింది. పాడ్యమి నాటి మాట దాని మీద ఇంకా అలాగే ఉంది.

"ఇంటాది అని రాసినావు గదా పెద్దమ్మా."

"రాశాను."

"మావోడు ఆ మాట నమ్మే గీత అవతల ఉండిపోనాడు."

"అవును."

"మరి ఇన్నాదా?"

"వినలేదు."

"నీ మనవరాలికి ఇన్నాది."

"వింది."

"దానికోసం తీగ కోసినావంట. నా మొగుడికి తీగ మిగల్లేదు."

మొదటి అయిదు నిమిషాలు సోంబాబుకే ఇచ్చామని చెప్పవచ్చు. చెప్పలేదు. అది వినని దారి అని అప్పటికే నేను చదివి ఉన్నాను. తెలిసి ఇచ్చిన అయిదు నిమిషాలను సాయం కింద రాయడం కుదరదు.

"అడుక్కంటా ఎన్ని పోతన్నాయి అంటే సున్న అన్నావు" అంది. "ఆ రోజు నిజంగా ఎన్ని?"

"తొమ్మిది."

"తొమ్మిది." వేళ్లు మడిచి చూసుకుంది. ఒక వేలు మిగిలింది. "తొమ్మిది అని సెప్పుంటే నాను ఆడిని రమ్మనుందును. నాకు తొమ్మిదంటే తెలీదా? సున్న కాదని తెలీదా?"

పలక అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

షష్ఠి

పోయిన బోటుకు కారణం రాసే కాగితం. బోటు: కొమర సోంబాబుది. మనుషులు: నాలుగు. పలక: వింటుంది. కారణం అన్న చోట ఈ గదిలో ముప్పై ఏళ్లుగా మూడు మాటలే రాస్తున్నాం: అజాగ్రత్త, ఇంజిను, సముద్రం. నేను ఇలా రాశాను: "ఆరో వరసలో తొమ్మిది ఉండగా సున్న రాసినందున. రాసినది సూరాడ కనకలత." సిరాతో రాశాను. సంఘానికి రెండు ప్రతులు పంపాను. పదిలోపు సున్న అనే నియమాన్ని రద్దు చేస్తూ ఒక కాగితం, పగటి పిలుపు పదకొండులో ఉండాలని ఒక కాగితం, గది పెద్దగా నన్ను తీసెయ్యమని ఒక కాగితం. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోది వెనక్కి వచ్చింది, కింద ఒక వాక్యంతో: "ఇంత నికార్సయిన మనిషి మరొకరు దొరకరు."

సప్తమి

పైడి వచ్చింది. మూడేళ్లలో ఈ గది గడప దాటడం ఇదే మొదలు. ముఖం ఉప్పుకు పగిలి ఉంది. కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"అంబలి ఉంది" అన్నాను.

"తాగొచ్చినాను."

"మూడేళ్లూ రోజూ పదింటికి పదకొండులో విన్నావా?"

"ఇన్నాను."

"ఒక్క రోజు కూడా తప్పకుండా?"

"నీ మనవరాలిని గదా" అంది. మెచ్చుకోలు కాదది. "పోలయ్య మావ నవ్వీవోడు. ఎవులే నీకు అక్కడ సుట్టాలు, బ్యాటరీ దండగ అనీవోడు. మొన్న పలికినాక నవ్వడం మానీసినాడు."

"ఏడింటి పిలుపులో ఒక్కసారి నాతో ఈ మాట చెప్పకపోయావా?"

"సెప్పినాను మామ్మా. నలభై ఒక్క రోజులు సెప్పినాను. నువ్వు సీటీ అంటించినావు."

బల్ల మీదున్న పుస్తకాలను చూసింది.

"24వ ఏటిది ఉన్నాదా?"

ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. ఆరు రోజులుగా అదే పుస్తకం నా బల్ల కింద ఉంది. తీసి, ఆశ్వయుజ శుద్ధ నవమి పేజీ తెరిచి దాని ముందు పెట్టాను. ఆరు వరసలు. నా చేతిరాత. మొత్తంలో తేడా నూటికి ఒకటి. ఆరో వరసలో గుండ్రని సున్న. పక్కన వివరాల చోట: "పిలిచాం. రేడియో పెట్టలేదు. సరంగు అజాగ్రత్త."

దాని వేలు సున్న మీద ఆగింది.

"ఇది పెట్టె సూపిన సున్నా? నువ్వు రాసిన సున్నా?"

"తెలీదు."

"సుట్ట ఉంటాది గదా."

"చుట్టలు కడిగి మళ్లీ వాడతాం. పుస్తకంలో ఎక్కాక చుట్టతో పని లేదని..."

"అదీ నీ రూలేనా?"

"అవును."

"నాయన రేడియో పెట్టీసే ఉన్నాడేమో" అంది. "పదింటికి పెట్టుకొని, ఇనబడక, పది నిమిషాలూ అలా కూకొని ఇంటూనే ఉన్నాడేమో. నాలాగ."

అయి ఉండవచ్చు అన్నాను. కాకపోవచ్చు అని కూడా అనాలి, లెక్క ప్రకారం.

అది వెళ్లిపోతూ గుమ్మంలో ఆగింది. ఈసారి నేను తలెత్తే ఉన్నాను. అది ఇసుకలో పోలయ్య బోటు వైపు నడిచింది. పగటి పిలుపుకు కొత్త తీగ కట్టాలట, కొలతలు దానయ్య దగ్గర తీసుకుంది.

అది పోయాక వరసగా పుస్తకాలన్నీ తెరిచాను. 19వ ఏట పెట్టె మారిన నాటి నుంచి ఈ పాడ్యమి దాకా ఆరో వరసలో సున్నలు నాలుగు వేల మూడు వందల పైచిలుకు. వాటిలో కొన్ని నిజంగానే సున్నలై ఉంటాయి. ఏవో చెప్పలేను. ఆ పన్నెండేళ్లలో కారణం చోట అజాగ్రత్త అని నేను రాసిన బోట్లు పదకొండు. వాళ్ల ఇళ్ల పేర్లు విడి కాగితం మీద రాసుకున్నాను. రేపటి నుంచి ఒక్కొక్క ఇంటికీ వెళ్లాలి.

ఉదయం జువ్వ 4.20కి ఎగిరింది. ఆరో వరస: 3. మూడు అని రాశాను.

తర్వాత 24వ ఏటి పేజీ ముందు కూర్చున్నాను. అజాగ్రత్త అన్న మాటను ఎర్రసిరాతో కొట్టి సంతకం చేశాను. పైనున్న సున్నను కూడా కొట్టాను. దిద్దుబాటు చేసినప్పుడు పాత అంకె పక్కన సరైన అంకె రాయాలని నియమం. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాయడానికి నా దగ్గర అంకె లేదు. సంతకం మాత్రం పెట్టాను.